తెరచిన ప్రశ్న, మూసిన ప్రశ్న: మోర్మన్ విశ్వాస సందేహాలు – భద్రాద్రి సంప్రదాయం – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

జవాబు పూర్తిగా చెప్పకుండా, విశ్వాసి ఆలోచనకే విడిచిపెట్టిన ప్రశ్నలు మోర్మన్ విశ్వాసంలో కొన్ని ఉన్నాయి. దేవుని పూర్వస్థితి, పరలోకమాత, మృతుల రక్షణ వాటిలో ముఖ్యమైనవి. ఈ వ్యాసం ఆ మూడింటినీ భద్రాచల ప్రాంతపు రామభక్తి సంప్రదాయంతో పోల్చి చూస్తుంది. దేవుణ్ణి అడిగే ప్రశ్న తెరచి ఉండటం, సంస్థను అడగవలసిన ప్రశ్న తెరచి ఉండటం ఒకటి కావని, ఈ భేదం రామదాసు కీర్తనల విమర్శకు కూడా అవసరమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోర్మన్ విశ్వాసం, పరలోకమాత, మృతుల బాప్తిస్మం, రామదాసు కీర్తనలు, నిందాస్తుతి, దమ్మక్క, దుమ్ముగూడెం.

1. ప్రవేశిక

సత్తుపల్లి నుంచి పడమరగా వెళ్తే నేలకొండపల్లి వస్తుంది. ఉత్తరంగా వెళ్తే భద్రాచలం, గోదావరి వెంట ఇంకా ఎగువకు సాగితే దుమ్ముగూడెం. మొదటిది కంచర్ల గోపన్న జన్మస్థలంగా ప్రసిద్ధి పొందిన ఊరు. రెండవది ఆయనను రామదాసుగా నిలిపిన క్షేత్రం. మూడవది 1860 ప్రాంతంలో, గోదావరి నౌకాయాన పనుల అధికారి హేగ్ చొరవతో, కోయల మధ్య ఆంగ్లికన్ మిషన్ మొదలైన చోటు. దైవాన్ని గురించి మూడు రకాల ప్రశ్నలు ఈ మూడు చోట్లా వినిపిస్తాయి: బందీ అయిన భక్తుడు అడిగినవి, క్షేత్ర పండితులు వాదించుకున్నవి, కొత్త మతం వచ్చినప్పుడు పాత తరాల గురించి పుట్టినవి.

ఈ ప్రశ్నలను మరో కోణం నుంచి చూడటానికి మోర్మన్ విశ్వాసం ఉపకరిస్తుంది. 1830 ఏప్రిల్ 6న అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘం తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉంటూ ఆ సంఘంలో చేరిన ఒక తెలుగు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువుల మధ్య ప్రచారం చేశారు. 2012లో హైదరాబాదులో ఏర్పడిన స్టేకు, అంటే అనేక స్థానిక సమాజాల కూటమి, భారతదేశంలో మొదటిది. మోర్మన్ గ్రంథం తెలుగులో లభిస్తున్నది. సంఘం 2018 నుంచి తన పూర్తి పేరునే వాడమని కోరుతున్నప్పటికీ, గ్రంథనామంతో వచ్చిన ప్రసిద్ధిని బట్టి ఈ వ్యాసంలో ‘మోర్మన్’ అన్న మాటనే వాడుతున్నాను. ఎవరి విశ్వాసం సత్యమో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక సంప్రదాయం తన ప్రశ్నలను ఎలా నిలుపుకుంటుందో, ఎక్కడ దాటవేస్తుందో పరిశీలించడమే దీని పని.

మోర్మన్ సంప్రదాయంలో ప్రశ్నలు తెరచి ఉండటానికి సిద్ధాంతపరమైన కారణం ఒకటి ఉంది. దైవవాణి ప్రాచీన గ్రంథంతో ఆగిపోలేదని, సంఘాధ్యక్షుడు ప్రవక్త కనుక దేవుడు ఇంకా అనేక విషయాలు వెల్లడిస్తాడని వారి విశ్వాస సూత్రాల్లోనే ఉంది. రావలసిన జవాబు ఇంకా ఉన్నదనుకున్నప్పుడు నేటి సందేహం అవిశ్వాసం కాబోదు. అది నిరీక్షణ అవుతుంది. మన వ్యాఖ్యాన సంప్రదాయం దీనికి భిన్నం. ఇక్కడ శ్రుతి పూర్ణమైనది, వ్యాఖ్యాతలే అనేకులు. అందువల్ల మన ప్రశ్నలు భవిష్యత్తులో రాబోయే వాక్కు కోసం ఎదురుచూడవు. ఉన్న వాక్కుకు అర్థం చెప్పడంలోనే కొనసాగుతాయి.

2. దేవుని పూర్వస్థితి

1844 ఏప్రిల్ 7న నావూ నగరంలో కింగ్ ఫోలెట్ అనే సహవిశ్వాసి మరణ సందర్భంలో జోసెఫ్ స్మిత్ ఒక ప్రసంగం చేశాడు. నేడు సింహాసనం మీద ఉన్న దేవుడు ఒకప్పుడు మనిషి వంటివాడేనని, మనుషులు కూడా క్రమంగా దైవత్వానికి ఎదగగలరని దాని సారాంశం. అంతకు ముందే వెలువడిన మరొక బోధ ప్రకారం మనిషిలోని చైతన్యం సృష్టించబడినది కాదు, అది అనాది. ఈ రెండు బోధలూ కలిసినప్పుడు ప్రశ్నలు వరుసగా పుడతాయి. దేవుడు ఒకప్పుడు మనిషి అయితే ఆయనకు దేవుడు ఎవరు? ఆ పరంపరకు మొదలు ఉందా? చైతన్యం అనాది అయితే దేవుడు మనకు తండ్రి కావడమంటే ఏమిటి?

విమర్శకుడు ఇక్కడ మొదట గమనించవలసినది పాఠస్థితి. ఆ ప్రసంగానికి వక్త స్వయంగా రాసిన ప్రతి లేదు. విన్న నలుగురు రాసుకున్న సంక్షిప్త లిఖితాల ఆధారంగా పాఠం కూర్చబడింది. సంఘం దానిని ప్రామాణిక గ్రంథాల్లో చేర్చలేదు, తిరస్కరించనూ లేదు. 1997లో అప్పటి సంఘాధ్యక్షుడు గోర్డన్ హింక్లీని పత్రికలవారు ఈ విషయం అడిగినప్పుడు, దాని గురించి తమకు ఎక్కువ తెలియదన్న ధోరణిలో జవాబిచ్చాడు. చెప్పిన మాట విశ్వాసుల స్మృతిలో ఉంటుంది, సిద్ధాంతంగా మాత్రం నిలవదు. ప్రశ్న ఆ నడిమి చోటులో బతుకుతుంది.

ఇది మనకు అపరిచితమైన స్థితి కాదు. భద్రాచల సీతారామ కల్యాణంలో వరుని ప్రవర ఎలా చెప్పాలన్న వివాదం ఇటీవలి సంవత్సరాల్లో పండితుల మధ్యనూ పత్రికల్లోనూ చర్చకు వచ్చింది. వరుడు దశరథుని కుమారుడైన రామచంద్రుడా, మానవ వంశావళికి అతీతుడైన రామనారాయణుడా అన్నది అందులోని అసలు విషయం. మనిషిగా పుట్టినవానికి తండ్రి, తాత, ముత్తాత ఉంటారు. పరబ్రహ్మకు ప్రవర చెప్పవలసి వస్తే వంశమన్న భావననే మరో అర్థంలోకి మార్చుకోవాలి. పెళ్ళి అన్న మానుష క్రియ ఈ తత్త్వప్రశ్నను ప్రతి శ్రీరామనవమికీ మళ్ళీ తెరుస్తుంది.

పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు. అవతారవాదంలో దేవుడు మనిషిగా దిగివస్తాడు. మోర్మన్ బోధలో మనిషి దేవుడిగా ఎదుగుతాడు. ముక్తజీవుడు భోగంలో పరమాత్మతో సమానుడైనా జగత్తును సృష్టించి పాలించే అధికారం అతనికి ఉండదని బ్రహ్మసూత్రాల చివరి పాదానికి రామానుజుల వ్యాఖ్యానం హద్దు గీసింది. మోర్మన్లు తెరచి ఉంచినది సరిగ్గా ఆ హద్దునే. ఎదిగిన మనిషి లోకాలు సృష్టిస్తాడా, అప్పటికీ తన దేవునికి లోబడే ఉంటాడా అన్నవి అక్కడ నేటికీ చర్చనీయాలే.

3. పరలోకమాత: ఉనికి ఉన్నా పిలుపు లేదు

రెండవ ప్రశ్న కవిత్వం ద్వారా వచ్చింది. ఎలైజా స్నో తన తండ్రి మరణానంతరం రాసిన కవిత 1845 నవంబరులో సంఘ పత్రికలో అచ్చయింది. పరలోకంలో తండ్రి ఉంటే తల్లి కూడా ఉండి తీరాలన్న తర్కం అందులోనిది. ఆ కవిత తరువాత కీర్తనగా స్థిరపడి నేటికీ ఆరాధనలో పాడబడుతున్నది. పరలోకమాత ఉన్నదని సంఘం బోధిస్తుంది. 2015లో ఆ బోధను ఒక అధికారిక వ్యాసంలో మళ్ళీ ధ్రువీకరించింది. ఆమె పేరు, ఆమె చేసే పని, బిడ్డలతో ఆమె సంబంధం గురించి మాత్రం వివరం చాలా తక్కువ. ఆమెకు ప్రార్థన చేయడం తగదని 1991లో హింక్లీ స్పష్టం చేశాడు.

భద్రాచల మూలమూర్తిని చూసిన పాఠకునికి ఈ వైరుధ్యం వెంటనే తోస్తుంది. అక్కడ సీత రాముని ఎడమ తొడపై ఆసీనురాలై ఉంటుంది. రామదాసు కీర్తనల్లో అత్యంత ప్రచారం పొందినవాటిలో ఒకటి ఆమెను ఉద్దేశించినదే. భర్త ప్రసన్నంగా ఉన్న ఏకాంత వేళ చూసి తన మాట చెప్పమని భక్తుడు వేడుకుంటాడు. దొర దగ్గర మొర పెట్టుకోవడానికి అమ్మగారిని ఆశ్రయించే లోకరీతి అది. శ్రీవైష్ణవం దీనినే పురుషకారమన్నది. లక్ష్మి మధ్యవర్తి మాత్రమేనా, తానే మోక్షమివ్వగల ఉపాయమా అన్న విషయంలో తెంగలై, వడగలై శాఖలు నేటికీ ఏకీభవించలేదు. అంటే మనకూ ఇది తెరచిన ప్రశ్నే. కాని ఇక్కడ ప్రశ్న ఆమె స్థానం గురించినది. ఆమెను పిలవవచ్చునా అన్నది ఎన్నడూ సందేహం కాలేదు.

మోర్మన్ సంప్రదాయంలో వరుస తలకిందులైంది. ఆమె స్థానం గొప్పదని అందరూ ఒప్పుకుంటారు, పిలుపే కూడదు. సాహిత్య దృష్టితో దీని ఫలితం గమనార్హం. సంబోధన లేని చోట స్తోత్రం పుట్టదు. స్నో కవితలో కూడా తల్లి గురించి ఆలోచన ఉన్నదే కాని, ప్రధాన సంబోధన తండ్రికే. ఒక దేవత గురించి వ్యాసాలు పెరిగి కీర్తనలు పెరగకపోతే ఆ ప్రశ్న పండితుల పాలవుతుంది, భక్తుల నోటికి చేరదు. ఆ సంఘంలోని కొందరు స్త్రీలు ఈ మౌనాన్ని లోటుగా భావించి రచనలు చేయడానికి కారణం ఇదే కావచ్చు.

4. మృతులకు నీరు

సువార్త వినకుండానే మరణించినవారి గతి ఏమిటన్నది ప్రతి మిషన్ వెనుకా నిలిచి ఉండే ప్రశ్న. దుమ్ముగూడెం మిషన్‌లో దీర్ఘకాలం పనిచేసిన జాన్ కెయిన్ 1876లో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. కోయల జీవితాన్ని తొలిగా నమోదు చేసినవారిలో ఆయన ఒకరు. చనిపోయిన పెద్దల పేరిట రాళ్ళు నిలిపే ఆచారం కోయలకు ఉంది. పూర్వీకుడు ఊరి పొలిమేరలో రాయిగా నిలిచి ఉండగా, కొత్త విశ్వాసంలో చేరే మనవడు ఆ రాయితో తన సంబంధం ఏమవుతుందని ఆలోచించక తప్పదు.

మోర్మన్ల జవాబు క్రైస్తవ శాఖల్లో ప్రత్యేకమైనది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మృతుల కోసం పొందే బాప్తిస్మం గురించి ఒక క్లుప్త ప్రస్తావన ఉంది. దానిని ఆధారం చేసుకొని 1840 నుంచి వారు జీవించి ఉన్న వంశీకుల ద్వారా మృతులకు బాప్తిస్మం జరుపుతున్నారు. ఇందుకోసమే వంశావళుల సేకరణ వారికి మతధర్మమైంది. ఈ క్రియ మందిరాల్లో మాత్రమే జరుగుతుంది. భారతదేశంలో మొదటి మందిరాన్ని బెంగళూరుకు 2018లో ప్రకటించారు.

భగీరథుని కథ వింటూ పెరిగిన తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచదు. సగరపుత్రుల బూడిద మీద నీరు పారాలని తరాల తరబడి సాగిన తపస్సు ఆ కథ. బతికిన వంశీకుడు, నీరు, గతించిన పెద్దలు అన్న మూడు అంశాలూ అక్కడా ఉన్నాయి. 2015 పుష్కరాల్లో భద్రాచలం రేవుల్లో పిండప్రదానం చేసినవారి భావం కూడా దీనికి దూరం కాదు.

అయితే మోర్మన్ బోధలో మన శ్రాద్ధకర్మలో లేని ఒక మెలిక ఉంది. తన కోసం జరిగిన బాప్తిస్మాన్ని మృతుడు స్వీకరించవచ్చు, నిరాకరించవచ్చు. కనుక జరిపినవారికి ఫలితం తెలియదు. తెరచిన ప్రశ్నకు ఇంతకంటె చక్కని రూపం ఉండదు. క్రియ పూర్తి అయినా సమాధానం ఎదుటి వ్యక్తి స్వేచ్ఛకే విడిచిపెట్టబడింది. మరోవైపు, నాజీల చేతిలో హతులైన యూదుల పేర్లతో ఈ క్రియ జరిగినట్లు బయటపడినప్పుడు వారి వారసులు తీవ్రంగా బాధపడ్డారు. 1995లో సంఘం ఆ పద్ధతి మానుకుంటామని యూదు ప్రతినిధులతో అంగీకారానికి వచ్చింది. మృతుని స్వేచ్ఛను పరలోకంలో గౌరవించిన సిద్ధాంతం, అతని జ్ఞాపకానికి భూమి మీద హక్కుదారులు ఎవరన్నది ముందుగా అడగలేదు. ఇక్కడి నుంచి ప్రశ్న దేవుణ్ణి వదిలి సంస్థ వైపు తిరుగుతుంది.

5. సంస్థ జవాబు చెప్పవలసిన ప్రశ్న

జోసెఫ్ స్మిత్ జీవించి ఉన్న కాలంలోనే, 1836లో, ఎలైజా ఏబెల్ అనే నల్లజాతి విశ్వాసి యాజకత్వం పొందాడు. 1852లో బ్రిగమ్ యంగ్ నల్లజాతి పురుషులకు యాజకత్వం లేదని బహిరంగంగా ప్రకటించాడు. మందిర సంస్కారాలు కూడా నల్లజాతి స్త్రీపురుషులకు అందలేదు. ఈ నిషేధం 1978 జూన్ దాకా సాగింది. దానికి చెప్పిన సమర్థనల్లో ఒకటి మనకు బాగా తెలిసిన ధోరణిలోనిదే: పుట్టుకకు ముందున్న జీవితంలో ఆ ఆత్మలు తగినంత దృఢంగా నిలబడలేదట. పూర్వకర్మను చూపి కులాన్ని సమర్థించిన వాదానికి ఇది దగ్గరి బంధువు. మనిషి చైతన్యం అనాది అన్న ఉదాత్త భావన, అధికారం చేతికి చిక్కితే, మనుషులను వరుసల్లో నిలబెట్టడానికి ఎలా పనికివస్తుందో రెండు ఖండాల్లోనూ రుజువైంది.

2013లో సంఘం ఒక అధికారిక వ్యాసంలో ఆ సమర్థనలన్నిటినీ త్రోసిపుచ్చింది. నిషేధం మొదలైన కాలపు జాతివివక్షను కూడా ప్రస్తావించింది. అయితే నిషేధమే పొరపాటా అన్న ప్రశ్నకు సూటి జవాబు అందులో లేదు. కారణం దేవునికే తెలుసునని చెప్పే విశ్వాసులు నేటికీ ఉన్నారు. ఈ వ్యాసం అభ్యంతరం ఇక్కడే. దేవునికి తండ్రి ఉన్నాడా అన్నది మనిషి జవాబు చెప్పలేని ప్రశ్న. ఒక మనిషి 1852లో ఎందుకు అలా ప్రకటించాడన్నది చరిత్ర జవాబు చెప్పగల ప్రశ్న. రెండవదాన్ని మొదటిదాని పక్కన, ‘ధ్యానించవలసిన రహస్యాలు’ అన్న ఒకే వరుసలో పెట్టడం వల్ల బాధ్యత రహస్యంగా మారుతుంది.

ఇతరుల ఇంటి దోషం ఎంచడంతో విమర్శ పూర్తి కాదు. భద్రాచల స్థలకథ ప్రకారం పుట్టలో ఉన్న రాముని మూర్తిని మొదట కనుగొన్నది పోకల దమ్మక్క. ఆమెను ఆదివాసీ భక్తురాలిగా జనశ్రుతి గుర్తుంచుకుంది. పందిరి వేసి, పండ్లు నివేదించిన ఆమె నుంచి అర్చనాధికారం ఆగమం తెలిసిన అర్చక వంశాలకు చేరింది. ఎలా చేరింది, ఎందుకు చేరిందన్నది స్థలకథ అడగదు. ఏబెల్ వలెనే దమ్మక్క ఆరంభంలో ఉంది, వ్యవస్థలో లేదు. ఆమెను స్మరించుకోవడం భక్తి అవుతుంది. ఆ మార్పును గురించి అడగడం పరిశోధన అవుతుంది. మొదటిది చేశాము కనుక రెండవది అక్కరలేదనుకోవడం మన పొరపాటు.

6. రామదాసు లెక్క

ఈ భేదాన్ని రామదాసు కీర్తనలకు అన్వయించి చూడవచ్చు. పాల్వంచ పరగణా తహసీల్దారైన గోపన్న ప్రభుత్వ ధనంతో ఆలయం కట్టించాడని, అందుకు తానీషా గోల్కొండలో చెరపెట్టాడని కథ. తానీషా పాలన 1672 నుంచి 1687 వరకు సాగింది. కీర్తనల్లో నిందాస్తుతి శిఖరాన్ని అందుకునేది భక్తుడు లెక్క తీసినప్పుడు. సీతకు, లక్ష్మణునికి, రామునికి ఏ నగ చేయించాడో, దానికెంత అయిందో వరుసగా చెప్పి, ఇంత చేసినా పలకవేమని నిలదీస్తాడు. తహసీల్దారు లెక్కల భాషే ఇక్కడ ప్రార్థన భాష అయింది. కీర్తన లోపల దేవుని జవాబు లేదు. ఆ మౌనం వల్లనే కీర్తనకు బలం.

కథ ఆ మౌనాన్ని భరించలేదు. రామలక్ష్మణులు యువకుల వేషంలో వెళ్ళి తానీషాకు ఆరు లక్షలు చెల్లించి రసీదు తెచ్చారని పూరించింది. మన విమర్శ చాలావరకు కీర్తనలను ఈ కథ వెలుగులోనే చదివింది. కాబట్టి జవాబు లేని ప్రశ్న కూడా జవాబు వచ్చేసిన ప్రశ్నగా మన చెవికి వినిపిస్తుంది. కీర్తనను కథ నుంచి విడదీసి చదివితే, రాముడు రాకపోయినా ఆ పాట నిలబడుతుందా అన్న పరీక్ష ఎదురవుతుంది. నిలబడుతుందనే నా అభిప్రాయం.

ఇంకొక ప్రశ్న కీర్తనలోనూ లేదు, కథలోనూ లేదు. ఆ శిస్తు కట్టిన రైతు ఎవరు? డబ్బు భక్తునిదా, సుల్తానుదా, రామునిదా అన్న మూడు పక్షాల వాదంలో నాలుగవ పక్షానికి చోటు దక్కలేదు. సుల్తానుకు సొమ్ము తిరిగి ముట్టడంతో లెక్క సరిపోయిందని కథ తృప్తిపడింది. దీనివల్ల రామదాసు కవిత్వం విలువ తగ్గదు. భక్తుడు దేవుణ్ణి అడిగిన ప్రశ్నను ఎంత శ్రద్ధగా వింటామో, ఎవరూ అడగని ప్రశ్నను కూడా అంత శ్రద్ధగా వెదకాలని మాత్రమే దీని భావం.

7. ముగింపు

1. మోర్మన్ విశ్వాసంలోని తెరచిన ప్రశ్నలు బలహీనతకు గుర్తులు కావు. దైవవాణి కొనసాగుతుందన్న మూలసూత్రం వాటికి చోటిచ్చింది. దేవుని పూర్వస్థితి, పరలోకమాత, మృతుల స్వేచ్ఛ అన్న మూడూ ఆలోచనకు నిజమైన అవకాశమిస్తాయి.

2. భద్రాద్రి సంప్రదాయంలో వీటికి దగ్గరి ప్రశ్నలు ప్రవర వివాదంలో, పురుషకార చర్చలో, పితృకర్మలో కనిపిస్తాయి. ఇక్కడ అవి వ్యాఖ్యానంలోను, సంబోధనలోను జీవిస్తాయి. అక్కడ నిరీక్షణలో జీవిస్తాయి.

3. ప్రశ్న ఎవరిని ఉద్దేశించినదో మొదట నిర్ణయించాలి. దేవుణ్ణి ఉద్దేశించినది తెరచి ఉండవచ్చు. మనుషుల నిర్ణయాన్ని ఉద్దేశించినది తెరచి ఉంటే దానిని రహస్యమనకూడదు, బాకీ అనాలి.

4. తెలుగు మోర్మన్ సమాజాల అనుభవం, ఏ పూర్వీకుల పేర్లను వారు మందిరానికి తీసుకువెళ్తున్నారు, ఆ వంశావళుల్లో ఇంటిపేరు, కులం ఎలా నమోదవుతున్నాయి అన్నవి క్షేత్రపరిశోధనకు తగిన అంశాలు. కోయ స్మారక శిలలను, దుమ్ముగూడెం మిషన్ రచనలను వీటితో కలిపి చదివితే మృతుల గురించిన తెలుగు ఊహ మరింత స్పష్టమవుతుంది.

గోల్కొండ కోటలో రామదాసు చెరగా చూపే గదికి వచ్చే యాత్రికులు గోడ మీది శిల్పాలకు దణ్ణం పెట్టి వెళ్తారు. పరిశోధకుడు కూడా దణ్ణం పెట్టవచ్చు. ఆ తరువాత అక్కడే కొంచెంసేపు నిలబడి, పాల్వంచ రైతు కట్టిన శిస్తు గురించి కూడా అడగాలి.